గోరువంకల సీమలో కాలినడక

బస్తర్ పేరు వినగానే తెలుగు పాఠకుని మనసులో రెండు దృశ్యాలు మెదలుతాయి. ఒకటి దట్టమైన అడవి. రెండవది ఆ అడవిలో దశాబ్దాల పాటు మ్రోగిన తుపాకి. ఈ రెండూ అసత్యాలు కావు. కాని వీటి చాటున మూడవ బస్తర్ ఒకటి ఉన్నది. అక్కడ తెల్లవారుజామున చెరువు గట్టు మీద వృద్ధులు వ్యాహ్యాళి చేస్తూ ఉంటారు. మత్స్యకారులు వలలు దులుపుకుంటూ ఉంటారు. నీటికాకులు మొద్దులపై కూర్చుని, రెండు రెక్కలూ బారజాపి, ఉతికిన గుడ్డలవలె ఎండలో ఆరబెట్టుకుంటూ ఉంటాయి. ఈ మూడవ బస్తర్‌ను చూడటానికి సాహసం అక్కరలేదు. కాళ్ళకు మెత్తని చెప్పులు, మెడలో ఒక దుర్భిణి, మనసులో కొంచెం ఓపిక ఉంటే చాలు.

అక్కడికి చేరే దారి కూడా మనవారికి కొత్త కాదు. విశాఖపట్టణం నుండి కిరండూల్ పోయే రైలు అనంతగిరి కొండలనెక్కి, అరకులోయను దాటి, కోరాపుట్ మీదుగా జగదల్‌పూర్ చేరుతుంది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని సముద్రతీరానికి దింపి జపానుకు పంపటం కోసం 1960వ దశకంలో వేసిన మార్గమిది. 50కి పైగా సొరంగాలను దాటుకుంటూ సాగే ఈ ప్రయాణమే ఒక వినోదం. ఖనిజం దిగి వచ్చే దారినే మనం ఎక్కి వెళుతున్నామన్న మాట!

జగదల్‌పూర్ ఒకప్పటి బస్తర్ సంస్థానానికి రాజధాని. నేటికీ బస్తర్ జిల్లాకు ముఖ్యపట్టణం. పాత బస్తర్ జిల్లా విస్తీర్ణం సుమారు 39,000 చదరపు కిలోమీటర్లు; అంటే కేరళ రాష్ట్రం కంటె కొంచెం ఎక్కువే. 1990వ దశకం చివర మొదలైన విభజనల ఫలితంగా ఆ ఒక్క జిల్లాయే నేడు ఏడు జిల్లాలయింది. పట్టణానికి ఒక వైపున ఇంద్రావతి నది ప్రవహిస్తుంది. మరొక వైపున దళపత్ సాగరం అనే విశాలమైన తటాకం ఉన్నది. మన కాలినడక అక్కడి నుండే మొదలవుతుంది.

తటాకం వెనుక కథ

ఛత్తీస్‌గఢ్‌లోని పెద్ద కృత్రిమ సరస్సులలో దళపత్ సాగరం ఒకటి. దీని వయస్సు 400 సంవత్సరాలని పర్యాటకులకు చెప్పటం పరిపాటి. అయితే దీనిని త్రవ్వించినవాడు దళపత్ దేవ్ అనే రాజు. ఆయన 18వ శతాబ్దంలో పాలించి, రాజధానిని బస్తర్ గ్రామం నుండి జగదల్‌పూర్‌కు మార్చినవాడు. ఆ లెక్కన చెరువు వయస్సు సుమారు 250 సంవత్సరాలు. వయస్సు కొంత తగ్గినా, దీని వంశం మాత్రం చాలా పెద్దది. ఆ వంశమే తెలుగు యాత్రికుని ఇక్కడ కొంచెంసేపు నిలబెడుతుంది.

1323లో ఢిల్లీ సైన్యానికి ఓరుగల్లు లొంగిపోయింది. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవులలోకి వచ్చి కొత్త రాజ్యం నెలకొల్పాడని బస్తర్ రాజవంశపు ఐతిహ్యం. దంతేశ్వరీదేవి ఆ వంశానికి ఇలవేల్పు. బస్తర్ రాజులు తమను కాకతీయులుగానే చెప్పుకున్నారు. దళపత్ దేవ్ ఆ పరంపరలోనివాడే.

కాకతీయులు కోటలు కట్టారు, గుడులు కట్టారు. కాని ప్రజల నోట వారి పేరును నిలిపినవి ముఖ్యంగా చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. ఊరు కట్టాలంటే ముందు చెరువు త్రవ్వాలి, చెరువు ప్రక్కన గుడి కట్టాలి, ఆ తరువాతే కోట అన్న ఆలోచన ఓరుగల్లులో పుట్టి పెరిగింది. జగదల్‌పూర్‌లో గట్టు మీద నిలబడి, ఎదుట నీటి నడుమ చిన్న దీవి మీద కనిపించే శివాలయాన్ని చూసినప్పుడు ఆ ఆలోచన ఇంత దూరం నడిచి వచ్చిందా అనిపిస్తుంది. బస్తర్‌లోని మరొక ప్రాచీన పట్టణమైన బార్సూర్‌లో ఒకప్పుడు 147 గుడులు, 147 చెరువులు ఉండేవని జనశ్రుతి. లెక్క ఎంతవరకు నిజమో గాని, గుడినీ చెరువునూ సమానంగా లెక్కించటంలోనే ఒక నాగరికత వ్యక్తమవుతున్నది.

గట్టు మీద పాఠశాల

పక్షులను చూడటం ఏదో పండితుల విద్య అని భయపడేవారికి చెరువు గట్టే మంచి పాఠశాల. అడవిలో పక్షి పాట వినిపిస్తుంది, పక్షి కనిపించదు. చెరువులో అట్లా కాదు; నీరు దేనినీ దాచదు. పైగా నడక చదునైన నేల మీద. ఎక్కడానికి కొండ లేదు, దాటడానికి వాగు లేదు. అక్టోబరు నుండి మార్చి వరకు ఏ ఉదయమైనా సూర్యోదయానికి కొంచెం ముందు బయలుదేరితే, ఎండ ముదిరేలోగా రెండు గంటల పాఠం పూర్తవుతుంది.

మొట్టమొదట పెద్దవాటిని చూడండి. మొద్దు మీద రెక్కలు విప్పి కూర్చున్నది నీటికాకి. దాని ఈకలు నీటిని బాతు ఈకలవలె పూర్తిగా విదిలించివేయవు, తడిసి బరువెక్కుతాయి. లోతుకు మునిగి చేపలను తరమటానికి ఆ బరువు సహాయపడుతుంది. అందుకు ప్రతిఫలంగా వేట ముగియగానే ఇట్లా ఎండలో ఆరక తప్పదు. లోతు తక్కువైన చోట కదలక మెదలక నిలబడినది కొంగ. మన కవులు దానిని దొంగ సన్యాసి అన్నారు గాని, దాని ఓర్పులో సగం ఉంటే మనం కూడా మంచి పక్షి పరిశీలకులమవుతాము. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందు మిగిలే ఉంటుంది. అది అంగవైకల్యం కాదు. గుల్లలోని నత్తను వెలికి తీసి తినటానికి ప్రకృతి అమర్చిన పనిముట్టు.

తరువాత చిన్నవి. నుదుట తెల్లని బొట్టు పెట్టుకున్న నల్లని పక్షి బొల్లికోడి. నీటిపై ఒక్కచోటనే రెక్కలాడిస్తూ గాలిలో నిలిచి, రాయి పడినట్లు నిలువునా దూకే నలుపు తెలుపుల పిట్ట లకుముకి జాతిలో ఒకటి. గట్టు దిగువ బీడులో గోలచేస్తూ ఎగిరేది తీతువు. దాని కూత అశుభమని మన పల్లెలలో ఒక నమ్మకం. నిజానికి ఆ తల్లి నేల మీదనే గులకరాళ్ళ నడుమ గుడ్లు పెడుతుంది. మనిషి గాని పశువు గాని దగ్గరకు వచ్చినప్పుడల్లా ప్రాణభయంతో అరుస్తుంది. ఆ కూతలో అపాయం ఉన్నమాట నిజమే. కాని ఆ అపాయం మన వలన దానికే!

తామరాకుల మీద పొడవైన వేళ్ళతో అతి సుకుమారంగా నడిచే జకానాను చూసినవారు దానిని ఒక పట్టాన మరచిపోలేరు. బరువు వేళ్ళ నిడివి అంతటా పంచబడటం చేత ఆకు మునగదు. దీని సంసారంలో ఒక విశేషం ఉన్నది. ఆడపక్షి పరిమాణంలో పెద్దది. గుడ్లు పెట్టి అది తన దారిన వెళ్ళిపోతుంది. గుడ్లు పొదగటం, పిల్లలను సాకటం పూర్తిగా తండ్రి బాధ్యత. చెరువు గట్టున కూర్చున్న గృహిణులు ఈ సంగతి వింటే ఎంతో సంతోషిస్తారు.

ఆకుపచ్చని శత్రువు

గట్టు మీద టీ దుకాణం దగ్గర ఒక వృద్ధుడు మా మాటలలోని తెలుగును పసిగట్టాడు. రైలుమార్గం పనులకు శ్రీకాకుళం వైపు నుండి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబమట.

"ఏ ఊరు బాబూ మనది? పిట్టల్ని చూడ్డానికి ఇంత దూరమొచ్చారా?" అని నవ్వాడు. తరువాత చెరువు వైపు చూపి అన్నాడు: "పిట్టలకేటి బాబూ, నీళ్ళుంటే అవే వస్తాయి. నీళ్ళుండాలి గానీ."

ఆయన చూపిన వైపు నీరు కనిపించలేదు. ఆకుపచ్చని తివాచీ పరచినట్లు గుర్రపుడెక్క అల్లుకుని ఉన్నది. ఈ మొక్క జన్మస్థానం దక్షిణ అమెరికా. ఊదారంగు పూలు అందంగా ఉన్నాయని మోజుపడి అనేక దేశాల వారు తెచ్చుకుని, తరువాత తలలు పట్టుకున్నారు. పట్టణం నుండి మురుగునీరు చెరువులో కలిసిన కొద్దీ దీనికి ఎరువు వేసినట్లే. ఆకులు నీటిని కప్పివేస్తే లోపలికి వెలుతురు పోదు. మొక్కలు కుళ్ళితే నీటిలోని ప్రాణవాయువు తరుగుతుంది. చేపలు తగ్గుతాయి. చేపలతోపాటు లకుముకి, నీటికాకి తగ్గుతాయి. ఎండిన మొక్కలు అడుగున పేరుకుని చెరువు పూడుతుంది. పూడిన అంచు మీద మనిషి కన్ను పడుతుంది.

దళపత్ సాగరం చాలా కాలంగా ఈ రోగంతో పెనుగులాడుతున్నది. పట్టణ పౌరులు స్వచ్ఛందంగా నీటిలోకి దిగి డెక్కను లాగివేసిన సందర్భాలున్నాయి. యంత్రాలతో తొలగించిన సందర్భాలూ ఉన్నాయి. కొన్నాళ్ళకు అది మళ్ళీ తల ఎత్తింది. మురుగు ఆగనంతవరకు డెక్క ఆగదని అందరికీ తెలుసు. నీటికోసం ఊరు చెరువు మీద ఆధారపడినంత కాలం ఊరి కన్ను చెరువు మీద ఉండేది. కుళాయి వచ్చిన నాటి నుండి ఊరు చెరువుకు వీపు చూపింది. ఇది ఒక్క జగదల్‌పూర్ కథ అని ఎవరనగలరు? హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌ను, వరంగల్లు చెరువులను చూసినవారికి ఈ వ్యాధి లక్షణాలు వేరుగా వివరించనక్కరలేదు. అందుచేతనే ప్రతి ఉదయం గట్టు మీద నడిచే పదిమంది మనుషులు ఆ చెరువుకు కావలివారే. చూసేవారున్న చెరువును పూడ్చివేయటం అంత తేలిక కాదు.

లోయలోకి

మరునాటి నడక అడవిలో. జగదల్‌పూర్‌కు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కాంగేర్ లోయ జాతీయోద్యానం ఉన్నది. 1982లో దీనిని జాతీయోద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. 2025లో మన దేశం యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేర్చిన స్థలాలలో కాంగేర్ లోయ ఒకటి. తెలంగాణలోని ముడుమాల నిలువురాళ్ళు అదే విడతలో చేరాయి.

ఇక్కడ గుగ్గిలం చెట్టు, టేకు చెట్టు కలిసి పెరుగుతాయి. ఉత్తరాది వారు సాల వృక్షమని గౌరవించేది గుగ్గిలం చెట్టునే. తీరథ్‌గఢ్ జలపాతం సుమారు 300 అడుగుల ఎత్తునుండి మెట్లుమెట్లుగా దిగుతుంది. కుటుమ్‌సర్ గుహలో సున్నపురాతి స్తంభాలు చీకటిలో యుగాల తరబడి పెరుగుతున్నాయి; అక్కడి నీటిలో చూపు కోల్పోయిన చిన్న చేపలున్నాయి. వానకాలంలో గుహ మూసివేస్తారు. భైంసా దర్హా అనే నిశ్చలమైన మడుగు మొసళ్ళ నివాసం. అక్కడ నడక మాత్రం గట్టుకు దూరంగానే సాగాలి!

ఈ మార్గంలోని దర్భా లోయ పేరు 25 మే 2013న దేశమంతటా విషాదంగా మారుమ్రోగింది. రాజకీయ నాయకుల వాహనశ్రేణిపై జరిగిన దాడిలో అనేకమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ జ్ఞాపకం ఈ లోయ నుండి చెరిగిపోలేదు, చెరిగిపోకూడదు కూడా. కాని ఇక్కడి గ్రామాలు ఆ ఒక్క దినంతోనే తమను గుర్తించవద్దని కోరుతున్నాయి. లోయలోని ధుడ్మారస్ గ్రామస్థులు అతిథులకు ఇంట బస ఇచ్చి, కాంగేర్ నదిపై వెదురు తెప్పలలో త్రిప్పుతున్నారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఆ గ్రామాన్ని ఎంపిక చేసింది. యాత్రికుడు వెళ్ళేముందు అటవీశాఖ వారిని విచారించి, స్థానికుని మార్గదర్శిగా వెంట తీసుకుపోవటం క్షేమం. అది ఆ గ్రామానికి జీవనోపాధి కూడా.

మాట్లాడినందుకు శిక్ష

కాంగేర్ అడవిలో మనం వెదుకవలసిన పక్షి కొండ గోరువంక. మన పెరటి గోరువంక కంటె పెద్దది. నిగనిగలాడే నల్లని దేహం, నారింజరంగు ముక్కు, తల వెనుకకు వ్రేలాడే పసుపుపచ్చని చర్మపు పట్టీ, ఎగిరినప్పుడు రెక్కలో తళుక్కుమనే తెల్లని మచ్చ. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పక్షిగా స్వీకరించింది.

ఈ పక్షికి ఉన్న గొప్ప వరం కంఠం. మనిషి మాటను అచ్చు ఆ మనిషి గొంతుతోనే పలుకగలదు. మన ప్రాచీనులు 64 కళలలో చిలుకకూ గోరువంకకూ మాటలు నేర్పటాన్ని ఒక కళగా లెక్కించారు. శుకశారికలు లేని అంతఃపురం మన కావ్యాలలో కనిపించదు. ఆ వరమే దానికి శాపమయింది. గూళ్ళలోని పిల్లలను ఎత్తుకుపోయి పంజరాలలో పెట్టి అమ్మారు. మాట నేర్చిన నేరానికి యావజ్జీవ కారాగారం! నేడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని పట్టటం, పెంచటం, అమ్మటం నేరాలు.

పంజరం ఒక కారణమైతే, గొడ్డలి రెండవ కారణం. కొండ గోరువంక కొమ్మ మీద గూడు కట్టదు. ఎత్తయిన పాత చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది. తనంత తాను తొర్ర తొలచలేదు. వడ్రంగిపిట్ట వదలిన తొర్రనో, కుళ్ళిన కొమ్మ చోటునో వెదుక్కుంటుంది. వంద మొక్కలు నాటినా ముసలి చెట్టు ఒకటి పోయిన లోటు తీరదు. 1970వ దశకంలో బస్తర్‌లోని గుగ్గిలం అడవులను తొలగించి, కాగితపు గుజ్జు కోసం విదేశీ పైన్ చెట్లు పెంచే పథకమొకటి మొదలయింది. గిరిజనులు తీవ్రంగా వ్యతిరేకించటంతో అది 1980వ దశకం ఆరంభంలో ఆగిపోయింది. ఆ ప్రతిఘటన మనుషుల ఇప్పపూల కోసం, గుగ్గిలపు గింజల కోసం జరిగినదే. అయినా అందులో గోరువంక ఇల్లు కూడా దక్కింది.

తరువాత జగదల్‌పూర్‌లో పెద్ద పంజరం నిర్మించి పక్షుల సంతతిని వృద్ధి చేయాలని అటవీశాఖ ప్రయత్నించింది. అక్కడ ఒక చిక్కు ఎదురయింది. ఆడ మగ పక్షులు రెండూ చూపుకు ఒకే రకంగా ఉంటాయి. జంట కుదిరినదీ లేనిదీ తెలియదు. సంవత్సరాలు గడిచినా ఫలితం రాలేదు. పంజరంలో పక్షిని కాపాడలేమని తేలిన తరువాత అడవిలోనే దానిని కాపాడే ప్రయత్నం మొదలయింది. కాంగేర్ లోయలోని యువకులను "మైనా మిత్ర" పేరుతో నియమించారు. గూళ్ళున్న చెట్లను గుర్తించటం, పిల్లలు ఎగిరిపోయే దాకా కాపలా కాయటం, తోటి గ్రామస్థులకు నచ్చజెప్పటం వారి పని. వారి కృషి వలన లోయ అంచు గ్రామాలలో కూడా గోరువంకల గుంపులు కనిపిస్తున్నాయి. ఏ పల్లె వారి చేతులలో ఒకప్పుడు ఉండేలు ఉండేదో, ఆ పల్లె వారి చేతులలో నేడు దుర్భిణి ఉన్నది.

మనకు ఇది పరాయి పాఠం కాదు. దసరానాడు పాలపిట్టను చూడటం తెలంగాణలో శుభం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆ శుభం కోసమే దానిని వలవేసి పట్టి, పంజరంలో బంధించి, ఇంటింటికీ చూపి డబ్బు అడిగేవారున్నారు. బస్తర్ దసరా 75 రోజులు సాగుతుంది. అందులో రావణవధ లేదు. అంతా దంతేశ్వరి ఆరాధనే. ఆ పండుగ రోజులలో జగదల్‌పూర్ పొలాల మీద తంతి తీగపై స్వేచ్ఛగా కూర్చున్న పాలపిట్టను చూస్తే, శుభం అంటే ఇదే అనిపిస్తుంది. బంధించి చూపిన పక్షి ఎవరికి శుభం?

ఒకే మాట, ఒకే నీరు

అనువాదం వృత్తిగా గలవారికి అడవిలో కూడా నిఘంటువు జ్ఞాపకం వస్తుంది. గోండీ భాషలో పక్షిని "పిట్టె" అంటారు. నీటిని "ఏర్" అంటారు. మన పిట్ట, మన ఏరు! కాంగేర్ లోయలోని ధుర్వాల మాట అయిన పర్జీ కూడా ద్రావిడ కుటుంబానికి చెందినదే. బరో, భట్టాచార్య అనే ఇద్దరు పండితులు దానిపై 1953లో ఒక గ్రంథం ప్రకటించారు. ఇంగ్లీషు పక్షుల పుస్తకం పట్టుకుని తెలుగు పేర్లకోసం తడుముకునే మనకు, ఆ పేర్లకు మూలమైన మాట అడవి పిల్లవాని నోట అప్రయత్నంగా వినిపిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పక్షుల పేర్లు తెలిసిన ముసలివారు మన పల్లెలలో కూడా ఉన్నారు. వారిని అడిగి వ్రాసుకోవటం ప్రతి పరిశీలకుడూ చేయదగిన పని.

నీటి బంధుత్వం మరింత దగ్గరిది. జగదల్‌పూర్ ప్రక్కన పారే ఇంద్రావతి చిత్రకోట వద్ద గుఱ్ఱపునాడా ఆకారంలో సుమారు 90 అడుగులు దూకి, పడమరకు సాగి, తెలంగాణ సరిహద్దులో గోదావరిని చేరుతుంది. కాంగేర్ వాగు కొలాబ్‌లో కలుస్తుంది. ఆ కొలాబ్ దిగువకు వచ్చి శబరి అనే పేరుతో కూనవరం దగ్గర గోదావరిలో లీనమవుతుంది. అయితే ఎగువన ఒడిశా సరిహద్దులో ఇంద్రావతి నీరు జోరా నాలా వైపు మళ్ళటం వలన వేసవిలో ఇటువైపు ప్రవాహం సన్నగిల్లుతున్నది. ఈ విషయమై రెండు రాష్ట్రాల మధ్య చాలా కాలంగా వివాదం నడుస్తున్నది. వర్షాకాలంలో గర్జించే చిత్రకోట ఎండలలో కొన్ని ధారలుగా మిగలటం చూసినవారు టీ దుకాణం వృద్ధుని మాటను కాదనలేరు.

కనుక బస్తర్‌కు వెళ్ళదలచినవారు నాలుగు రోజులు కేటాయించుకోండి. మొదటి రోజు చెరువు గట్టుకు, మధ్య రెండు రోజులు లోయకు, చివరి రోజు చిత్రకోటకు. మట్టిరంగు దుస్తులు ధరించండి. గట్టిగా మాట్లాడకండి. పక్షిని రప్పించటానికి దాని కూతను యంత్రంలో వినిపించకండి; గూటి దగ్గరకు పోకండి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, వేళ, చోటు, పక్షుల సంఖ్య వ్రాసుకోండి. ఏటేటా ఒకే గట్టు మీద వ్రాసిన అటువంటి లెక్కలే ఒక చెరువు బ్రతుకుతున్నదో, చనిపోతున్నదో మొదట చెబుతాయి.

ఇంత దూరం వెళ్ళలేనివారికి కూడా నిరాశ అక్కరలేదు. మీ ఊరికి ఒక చెరువు ఉండే ఉంటుంది. దానికి ఒక కట్ట, ఒక తూము, ఒక అలుగు ఉండి ఉంటాయి. రేపు ఉదయం ఒకసారి ఆ కట్ట మీద నడచి, అక్కడ ఎన్ని పిట్టలున్నాయో లెక్కపెట్టి రండి.